మరుసటి సంవత్సరం ఎవరు వెళ్తారు?



1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు దాదాపు 10,000 మంది చనిపోయారు. బియ్యం, బట్టలు, వంటపాత్రలు వచ్చాయి. అవి కావలసినవే. కాని ఆ బియ్యం అయిపోయాక కూడా ఉప్పు పట్టిన పొలాలు, పడవలు పోయిన జాలరులు, తల్లిదండ్రులు లేని పిల్లలు అక్కడే ఉన్నారు.

కొందరు వారిని విడిచిపెట్టలేదు. ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ తీరం వెంబడి పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు కట్టించాయి. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుఫానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. హెచ్చరిక ముందే అందింది. లక్షలాది మందిని సురక్షిత స్థలాలకు తరలించారు. ఈసారి మృతులు వెయ్యికి లోపే. ఆ తేడా వెనుక 12 ఏళ్ల ఓపిక ఉంది.

షెల్టరైనా ఊరివారు వాడుకుంటేనే నిలుస్తుంది. రోజూ బడి నడిచే షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో పిల్లలకు కూడా తెలుసు. మూసిపెట్టిన షెల్టరుకైతే గాలివాన రాత్రి తాళంచెవి వెదకాలి.

మీ సంఘంలో తుఫాను బాధితులకు కానుక పట్టినప్పుడు అంతా మొదటి వారంలోనే ఖర్చు చేయకండి. సగం దాచి, ఏడాది తరువాత అదే ఊరికి వెళ్లండి. "మీకింకా ఏమి కావాలి?" అని అడగండి. విధవరాండ్ర మాట ముందు వినండి.