పారబోసిన నీటిలో ఏముంది?

రామగుండంలో కరెంటు ఎంత పుడుతుందో, దాని వెంట బూడిదా అంతే పుట్టుకొస్తుంది. ఎన్టీపీసీ పాత కేంద్రం 2600 మెగావాట్లది. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరిట 800 మెగావాట్ల యూనిట్లు రెండు లేచాయి. గోదావరి అవతల జైపూర్‌లో సింగరేణి కేంద్రం మరో 1200. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. ఎంత పెద్ద బూడిద చెరువైనా ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే బూడిదను పూర్తిగా వినియోగించి తీరాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. ఇటుకలు, సిమెంటు, రోడ్డు కట్టలు, పల్లపు భూముల పూడిక అన్నీ అందులో అనుమతించినవే. ఎండాకాలం ఊళ్ల మీద దుమ్మై ఎగిరే కంటే అది మేలే. చిక్కల్లా ఒక్కటే. ఎన్ని టన్నులు తరలిందన్నదానికి ఉన్న పట్టింపు, తరలిన చోట వాన కురిశాక ఏమవుతోందన్నదానికి లేదు.

బొగ్గు కాలిపోయినా అందులోని ఆర్సెనిక్, సెలీనియం, క్రోమియం, సీసం, బోరాన్, మాలిబ్డినం వంటివి చాలావరకు బూడిదలో మిగిలిపోతాయి. నీరు తగిలితే వాటిలో కొంత కరిగి బయటపడుతుంది. సిమెంటుతో బిగిసిన బూడిద నుంచి ఈ ఊట తక్కువ, అదీ పైపొర నుంచి నెమ్మదిగా. కాబట్టి బూడిద ఇటుకలతో ఇల్లు కట్టుకున్నవారు బెంబేలు పడనక్కర్లేదు. భయం వదులు బూడిదతోనే. పాత కుంటలో టిప్పర్ల కొద్దీ గుమ్మరించి, పైన మొరం పరిచి, ప్లాట్లుగా గీసేస్తే వానాకాలంలో అడుగు నీరు పైకొచ్చి బూడిదను నానబెడుతుంది. ఆ పక్కనే ఎవరిదో వ్యవసాయ బావి, ఎవరింటిదో బోరు.

ఈ ఊటను పట్టించుకునే అలవాటు మనకు ఎంత తక్కువో బూడిద ఇటుకను పరీక్షించే తీరులోనే చూడండి. భారతీయ ప్రమాణం ప్రకారం 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తీసి తూకం వేస్తారు. మామూలు రకమైతే 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. ఆపైన ఎంత బరువు ఓర్చుకుంటుంది, ఉప్పు పూస్తుందా, ఎండితే కుంచించుకుపోతుందా అని చూస్తారు. ఇటుక నీటి నుంచి ఏం తీసుకుందో తేలుతుంది. నీటికి ఏమిచ్చిందో తేల్చాల్సిన తొట్టి నీళ్లు కాలవలో కలుస్తాయి.

నెదర్లాండ్స్ 1995లోనే దీనికి చట్టం తెచ్చింది. అక్కడి పరీక్షలో దిమ్మను 64 రోజులు నీటిలో ఉంచి, ఆ నీటిని ఎనిమిది సార్లు మార్చి, ప్రతి సారీ అందులో ఏం దిగిందో కొలుస్తారు. దేశంలో సగం సముద్రమట్టానికి అటూఇటూ ఉన్నవాళ్లకు ఆ జాగ్రత్త తప్పలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని టౌన్ ఆఫ్ పైన్స్ అనే చిన్న ఊరికి బుద్ధి ఆలస్యంగా వచ్చింది. రోడ్ల కింద, ఖాళీ స్థలాల్లో బొగ్గు బూడిద పోశారు. 2000 ప్రాంతంలో ఇళ్ల బావుల్లో బోరాన్, మాలిబ్డినం బయటపడ్డాయి. చివరికి పక్క పట్నం నుంచి పైపులు వేసి నీళ్లివ్వాల్సి వచ్చింది.

ఇలాంటి నియమాలు పెట్టుకోవడం మనకు చేతకాని పనేం కాదు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన తెచ్చుకున్నాం. పీవీసీ పైపుల్లో సీసం మీదా 2021లో నియమాలు వచ్చాయి. బూడిద మాత్రం టన్నుల లెక్క దగ్గరే ఆగింది.

తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది మన ప్రమాణమే. అది దాటినా రంగు మారదు, రుచి మారదు, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. కాబట్టి పెద్దపల్లి, మంచిర్యాల, కరీంనగర్ జిల్లాల యంత్రాంగాలు పూడిక పోసిన సర్వే నంబర్ల జాబితాను బయటపెట్టాలి. వాటి చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి నమూనాలు తీయాలి. ఫలితాలను పంచాయతీ గోడ మీద అంటించాలి. కొత్తగా పూడిక కోరేవారు ముందు ఆ బూడిద ఊట పరీక్ష నివేదిక చూపాలి. ఆ ఖర్చు బీద రైతు మీద కాక, బూడిద పుట్టించినవారి మీదా, దానితో ప్లాట్లు అమ్ముకునేవారి మీదా పడాలి. బూడిద ఏ లారీలో ఎటు పోయిందో తూకం చీటీల్లో ఉంటుంది. వాటిని వెతికి తీయడంతో పని మొదలుపెట్టవచ్చు.