నాడి చూసి ఉరుకుదాం

ప్రతి పొద్దున ఐదింటికే కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే తమ్ముళ్ళు మన హాస్టల్ వెనక గ్రౌండులో ఉరుకుతుంటారు. చూస్తే సంతోషమే గానీ, వాళ్ళ ఉరుకుడు మాకు నచ్చదు. మొదటి రౌండు నుంచే పోటీ. పది రోజులకు పిక్కలు పట్టేసి మంచమెక్కుతారు. మేమూ అట్లా ఉరికినవాళ్ళమే గనుక చెబుతున్నాం.

2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ కానిస్టేబుల్ అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలని పెట్టారు. మా గదిమిత్రుడొకడు ప్రిలిమ్స్ దాటాడు. ఈవెంట్స్‌కు ముందు నెల రోజులు, ఒక్క రోజూ విడవకుండా ప్రాణం పెట్టి ఉరికాడు. తీరా డిసెంబరులో అసలు రోజున కాళ్ళు బరువెక్కి మూడో రౌండులో ఆగిపోయాడు. మాలాగే వాళ్ళింట్లోనూ డిగ్రీ దాకా వచ్చింది వాడొక్కడే. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. "దమ్ము చాలలేదురా" అన్నారు సీనియర్లు. చాలనిది దమ్ము కాదు, లెక్క అని మా అభిప్రాయం.

ఆ లెక్క కష్టమేమీ కాదు. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నిమిషం పాటు నాడి చూడాలి. 62 వచ్చిందనుకుందాం. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా తెలుస్తుంది (మనిషికీ మనిషికీ పదీ పన్నెండూ తేడా ఉండొచ్చు). 22 ఏళ్ళ వాడికి 198. రెంటికీ తేడా 136. అందులో 60 నుంచి 70 శాతానికి మళ్ళీ 62 కలిపితే, సుమారు 144 నుంచి 157. ఇది ఫిన్లాండ్‌కు చెందిన కార్వోనెన్ పేరు మీదున్న పద్ధతి. ఆయన బృందం పరిశోధన 1957లోనే అచ్చయింది.

వారంలో ఎక్కువ రోజులు ఆ హద్దులోనే ఉరకాలి. ఆగిన వెంటనే పది సెకన్లు లెక్కపెడితే 24 నుంచి 26 రావాలి. ఆలస్యం చేస్తే నాడి దిగిపోతుంది, లెక్క తప్పుతుంది. అంతకు మించితే వేగం తగ్గించాలి. పక్కవాడు నవ్వుతాడు, నవ్వనీయండి. గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకునేది ఈ నెమ్మది రోజుల్లోనూ. వారానికి ఒకటి రెండు రోజులు మాత్రం 400 మీటర్లు 108 సెకన్ల చొప్పున గట్టిగా ఉరకండి.

పొద్దుటి నాడి రోజూ కంటే ఏడెనిమిది ఎక్కువుంటే నిద్ర చాలలేదనో, జ్వరం వస్తున్నదనో అనుకుని ఆ రోజు మానేయండి. ఎండాకాలం అదే వేగానికి నాడి ఎక్కువ కొడుతుంది, అప్పుడు వేగాన్ని కాదు, నాడినే నమ్మండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం లెక్కలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

దీనికి ఖరీదైన వాచీ అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. ఇప్పటికే ఖాకీ తొడిగిన మన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళిపోకుండా, నెలకో ఆదివారం పొద్దున గ్రౌండుకు రండి. తమ్ముళ్ళు ఉరుకుతారు, మీరు గడియారం పట్టుకోండి.