వంటయింటి గట్టునకు ఏ రాయి మేలు?

ఇల్లు కట్టుకొనువారు వీధితలుపునకును, ముందు వసారాకును చూపు శ్రద్ధలో సగమైనను వంటయింటి గట్టు విషయమున చూపుట మేమెరుగము. ఇల్లాలు దినమునకు మూడు పూటలు నిలిచి పనిచేయు చోటది. అయినను దాని రాతిని మేస్త్రీయో, షాపువాడో నిర్ణయించుచున్నాడు. ఇప్పుడు ప్రతి పలకయు పర్యావరణమునకు మేలైనదనియే అమ్మబడుచున్నది గనుక, ఆ మాటను కొంత పరీక్షింపదలచితిమి.

మొదట క్వార్ట్జు అను పేరుతో వచ్చు కృత్రిమశిల సంగతి. ఇది గనిలో నుండి యెత్తిన పలక కాదు. రాతిని పొడిచేసి, ప్లాస్టిక్కు జాతి జిగురుతో కలిపి, అచ్చున నొక్కి చేసినది. సులభముగా మరక పట్టదు, చూపునకు ముచ్చటగా నుండును. ఆ గుణములను మేము కాదనము. కాని యిందు నూటికి 90 పాళ్లవరకు స్ఫటికరూపమగు సిలికా యుండవచ్చును. గ్రానైటులో నది సాధారణముగా సగముకంటె తక్కువ. పలకను కోయునపుడు లేచు సన్నని ధూళి కంటికి కనబడకయే ఊపిరితిత్తులలో దిగి, అచ్చట మచ్చలు కట్టించి, సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. అది నయమగు వ్యాధి కాదు. ఆస్ట్రేలియా దేశమున వయసులో నున్న పనివారనేకులు దీని పాలగుటచే, 2024 జూలై 1వ తేదీ మొదలుకొని ఆ శిలను చేయుట, అమ్ముట, అమర్చుట అచ్చట నిషేధింపబడినవి. మన దేశమున ఈ వ్యాధి క్రొత్తది కాదు. మధ్యప్రదేశములోని మందసోరులో, పిల్లలు పలకపై వ్రాయు బలపములను కోసిన పనివారనేకులు దీనిచేతనే ప్రాణములు గోల్పోయిరి.

మరి గ్రానైటు నిర్దోషమా? కాదు. కరీంనగరు గుట్టలు దిమ్మెలు దిమ్మెలుగా ఓడలెక్కినవి. చుక్కల మెరుపుగల చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు పోవుచుండగా, పగుళ్లున్న రాయి గనియొద్దనే కొండలవలె పడియున్నది. అయితే ఒకసారి వేసిన గ్రానైటు గట్టు రెండు తరములు నిలుచును, పులుపునకు చెడదు. వంటగట్టు వెడల్పు సుమారు 2 అడుగులే గదా! కోత కార్ఖానాలలో మిగిలిన ముక్కల నడిగి తెచ్చుకొన్నచో, క్రొత్తగా కొండను తొలువ పనియుండదు. ధరయు తగ్గును.

కడపరాయి యన్న మాకు పక్షపాతము కలదని ఒప్పుకొందుము. వెల తక్కువ, పని సుళువు. కాని యది సున్నపురాతి జాతి. మన వంట చింతపండు లేనిదే గడవదు. చారు ఒలికి నిలిచినచోట మెరుపు పోయి మచ్చ కట్టును. వెంటనే తుడిచి, అప్పుడప్పుడు నూనెగుడ్డతో రుద్దుచుండిన నల్లదనము నిలుచును. ఒకటి రెండు మచ్చలు పడినంతమాత్రమున ఇంటి మర్యాద పోదు. బేతంచెర్ల, తాండూరు బండలును ఈ కోవలోనివే. రాయలసీమవారికి కడపరాయి తగును గాని, శ్రీకాకుళమువారు దానికై లారీలు రప్పింపనేల? టెక్కలి గ్రానైటు వారి దాపుననే యున్నది.

సిమెంటు గట్టును చౌకయని పొగడువారు గలరు. సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చునపుడు ఇంధనమునుండియే గాక రాతినుండియు బొగ్గుపులుసు వాయువు వెడలునని వారు మరువరాదు. చెక్క మన తేమకును చెదలకును ఆగదు.

పాత గట్టు చెక్కుచెదరక యున్నచో, రంగు పాతబడినదను నెపమున దానిని పగులగొట్టుట మాకు సమ్మతము కాదు. అన్నిటికంటె పర్యావరణమునకు మేలైన రాయి ఇదివరకే ఇంటనున్న రాయి.

రాయి యేదైనను కోత యొకటి తప్పదు. మన సంఘములలో రాతిపనివారు గలరు. వారి బిడ్డలు మా తరగతులలో కూర్చుండి చదువుచున్నారు. మిషనుతో పొడిగా కోయుచు, నోటికి తువాలు చుట్టుకొని, తెల్లని ధూళిలో నిలిచిన మనిషిని ఏ క్రొత్త యింటియొద్దనైనను చూడవచ్చును. తువాలు ఆ ధూళి నాపజాలదు. పలకను కార్ఖానాలోనే కొలతకు కోయించి తేవలెను. తొట్టి అమర్చు రంధ్రము మొదలగువాటిని ఇంటియొద్ద కోయవలసివచ్చిన, నీరు పోయుచు కోయుమని మేస్త్రీతో ముందే చెప్పవలెను. పని ఆలస్యమగును, నేల బురదయగును, ఒక పూట కూలి అధికమగును. ఆ పూట కూలిని బేరమునాడే ఒప్పుకొనుడని తల్లిదండ్రులను కోరుచున్నాము.