విటుడి మొహం ఎక్కడ?

‘వ్యభిచార గృహంపై దాడి’ వార్త చదివినప్పుడల్లా నేను ఒక మనిషి కోసం వెతుకుతాను. చున్నీలతో మొహాలు కప్పుకున్న స్త్రీల ఫోటో ఉంటుంది. ‘ఇద్దరు విటులు’ మాత్రం వట్టి అంకె. విటుడట! ప్రబంధాల్లోంచి దిగొచ్చినట్టు ఎంత మర్యాదైన మాట! ఆమెకున్న పేర్లన్నీ తిట్లే. అతను మహా అయితే ‘సరదా మనిషి’.

2003 ప్రాంతంలో ఊరూరా వెలసిన హోర్డింగులు గుర్తున్నాయా? పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని రాష్ట్రమంతా అడిగింది, జోకులేసుకుంది. వెళ్లేవాడొకడున్నాడని ఒప్పుకోవడం వరకూ మేలే. కానీ అతని వల్ల అక్కడి ఆమెకూ, ఇంట్లో భార్యకూ వస్తుందా అన్న ప్రశ్న నాకు ఏ గోడ మీదా కనిపించలేదు. బెంగంతా పులి ఆరోగ్యం గురించే.

చట్టం చూడండి. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద వీధిలో పిలిచిన స్త్రీకి తొలిసారే ఆరు నెలల దాకా జైలు. అదే నేరం మగవాడు చేస్తే మూడు నెలలు మించదు. (కనీసం ఏడు రోజులుండాలన్నారు లెండి.) దాడుల్లో ఈ స్త్రీల గుర్తింపు బయటపెట్టకుండా మీడియా జాగ్రత్తపడాలని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో!

‘వాళ్లుండబట్టే మీరు క్షేమంగా ఉన్నారు’ అంటారు కొందరు సాహితీ మిత్రులు. నా క్షేమానికి మరో స్త్రీని అద్దెకిచ్చే హక్కు మీకెవరిచ్చారు?

గిరీశాన్ని చూసి నవ్వుకుంటూ, మధురవాణి మంచిదా కాదా అని వందేళ్లకు పైగా వాదించుకున్నాం. మన కథలు కూడా ‘ఈ వృత్తిలోకి ఎందుకొచ్చావమ్మా?’ అని ఆమెనే నిలదీశాయి. మెట్లు దిగి, చొక్కా సర్దుకుని, పిల్లలకు మిఠాయి పొట్లం కొనుక్కుని ఇంటికెళ్లేవాణ్ణి ఎవరడిగారు?