ఖైరాత్ కాదు, హక్

నా ఎడమ కాలు పసితనంలోనే పోలియోకు పోయింది. సదరం సర్టిఫికెట్ మాత్రం నలభై మూడో ఏట చేతికొచ్చింది. మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశానంటే, శరమ్ పడ్డాను.

"మనమేం ఫకీర్లమా, సర్కారు ముందు చెయ్యి చాపడానికి?" అనేవారు అబ్బా. ఆయన ఇజ్జత్ ఆయనది. దాని ఖరీదు నేను కట్టాను. 1995 చట్టం సర్కారు కొలువుల్లో మాలాంటివాళ్లకు 3 శాతం వాటా ఇచ్చింది. దరఖాస్తులో ఆ గడి దగ్గరికొచ్చి, చూపించే కాగజ్ లేక, ఖాళీగా వదిలేసేవాణ్ణి. వయసు దాటిపోయింది.

చివరికి మీసేవలో స్లాట్ తీసుకుని క్యాంపుకు వెళ్తే, ఆధార్‌లో 'షేక్', రేషన్ కార్డులో 'ఎస్‌కే'. "మీరు ఒక్కరా, ఇద్దరా?" అన్నాడు క్లర్కు. కుంటుకుంటూ వెనక్కొచ్చి, పేరు సరిచేయించుకుని మళ్లీ వెళ్లాను. మన పేర్లతో ఇది మామూలే. దఫ్తర్‌లో ఆ మాట అనడం మాత్రం మామూలు కాకూడదు. కాలు లేనివాణ్ణే నాలుగుసార్లు తిప్పే ఇంతెజామ్ ఎవరి కోసం? క్యాంపే మొహల్లాకు రావాలి.

కానీ సర్కారును తిట్టి ఊరుకుంటే బేయిమానీ అవుతుంది. తప్పు మన ఇళ్లలోనూ ఉంది. మా గల్లీలో ఓ ఏడేళ్ల పాపకు చెవులు వినబడవు. "పేరు ఎక్కిస్తే రేపు రిష్తాలు రావు భాయీజాన్" అంది వాళ్లమ్మ.

"ఎక్కించకపోతే వినబడుతుందా బహెన్?" అన్నాను.

2016 చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. కొలువుల్లో వాటా 4 శాతం, పై చదువుల సీట్లలో 5 శాతం. 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు. ఇవన్నీ ఆ ఒక్క సర్టిఫికెట్‌తోనే మొదలవుతాయి. నసీబ్ అనుకుని సబర్ చేయాల్సింది వైకల్యం విషయంలో. హక్ విషయంలో కాదు.

ఓటరు లిస్టులో పేర్లు ఎక్కించడానికి మన నౌజవాన్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ పేర్ల కోసం కూడా ఒక్క ఆదివారం తిరగండి.

సోమవారం ఆ తల్లితో మీసేవకు నేనూ వెళ్తున్నాను. పాప ఆధార్‌లో పేరు ముందే సరిచూశాను.