కోరలకు లొంగని లీడర్!

లీడర్ గట్టివాడు కాకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఈ వారం చెప్పుకునేది అసెంబ్లీలో కూర్చునే లీడర్ గురించి కాదు... గాలానికి కట్టే లీడర్ గురించి! దారానికీ ఎరకూ మధ్య ఉండే మూరెడు లోపు తీగ ముక్క అది. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. అది లేకపోతే మాత్రం చేపా దక్కదు, ఎరా దక్కదు.

మా చిన్నాన్న కొడుకు అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. వారమంతా కంప్యూటర్ల ముందు, సెలవు దొరికితే సరస్సు గట్టున. వాళ్ల మినెసోటాలో కార్ల నంబరు ప్లేట్ల మీదే ‘10,000 సరస్సులు’ అని రాసి ఉంటుంది మరి! లైసెన్సు తీసుకున్నాడు, ఖరీదైన గాలం కొన్నాడు. ఓ ఆదివారం ఫోన్ చేసి ‘80 పౌన్ల దారం అన్నయ్యా. బియ్యం బస్తా వేలాడదీసినా తెగదన్నారు. పైక్ పట్టుకున్న మరుక్షణం పుటుక్కుమంది’ అన్నాడు. ‘పోతే పోయిందిలేరా, ఇంకో ఎర కొనుక్కో’ అన్నాను. ‘ఎర కోసం కాదు. మూడు ముళ్ల కొక్కేలు రెండు నోట్లో పెట్టుకుని ఆ చేప ఎలా తిరుగుతోందో...’ అన్నాడు. గొంతులో హుషారు లేదు.

బలం వేరు... కోత వేరు!

పైక్, మస్కీ దగ్గరి చుట్టాలు. పొడవాటి ఒళ్లు, బాతు ముక్కులాంటి మూతి. మన కొర్రమీనులాగే నాచులో నక్కి ఉండి, ఎర కనబడగానే దూకుతాయి. పైక్ కంటే మస్కీ పెద్దది. 50 అంగుళాలు దాటినవీ ఉంటాయి. పదివేల సార్లు గాలం విసిరితే ఒకసారి పడే చేప అని దానికి పేరు. పక్కనున్న విస్కాన్సిన్‌కు అది రాష్ట్ర చేప. అక్కడి హేవార్డ్ ఊళ్లో నాలుగంతస్తుల ఎత్తున ఫైబర్‌గ్లాస్ మస్కీని కట్టారు. జనం లోపలికెక్కి, దాని నోట్లో నిలబడి ఫొటోలు దిగుతారు.

అసలు చేప నోట్లో మాత్రం వేలు పెట్టకూడదు. కింది దవడకు కత్తుల్లాంటి కోరలు. పై అంగిలి నిండా లోపలికి వంగిన సన్నటి పళ్లు. దొరికింది లోపలికి జారాలే గానీ బయటికి రాకూడదు! 80 పౌన్లంటే 36 కిలోల బరువును లాగగల బలం. కానీ ఆ లెక్క లాగడానికే, కోతకు కాదు. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. బిగిసిన దారానికి మాంజా తగిలితే చాలు, పటం ఊరి బయటే.

మెత్తని ఎరతోనే చిక్కు

సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు రబ్బరులా మెత్తగా ఉంటాయి, నీళ్లలో నిజం చేపలా తోకాడిస్తాయి. చెక్క ఎరను కొరికిన చేప గట్టిగా తగిలిందని ఉమ్మేయొచ్చు. మెత్తగా ఉంటే నములుతూ ఉండిపోతుంది. పైగా ఇవి కిందికి జారుతున్నప్పుడు చేప అందుకోవడం ఎక్కువ. అప్పుడు దారం వదులుగా ఉంటుంది కాబట్టి మనకు ఆలస్యంగా తెలుస్తుంది. ఈలోగా ఎర మొత్తం నోట్లోకి పోయి, దారం పళ్ల మధ్యకు చేరుతుంది. అందుకే మెత్తని ఎరకు గట్టి లీడర్ కావాలి.

ఏది కొనాలి?

స్టీలు తీగ: చవక. పళ్లకు లొంగదు. సన్నటి పోగులు పేనిన తీగ అయితే వంగుతుంది, ఎర ఆట చెడదు. 4, 5 అంగుళాల ఎరతో పైక్ కోసం 30-40 పౌన్లది చాలు. ఒకటే చిక్కు... ఒకసారి మెలిక పడితే సాఫు కాదు. మెలిక కనబడిందా, పారేయడమే.

టైటానియం: ధర ఎక్కువ. కానీ ఎంత వంచినా మళ్లీ తిన్నగా అవుతుంది, తుప్పు పట్టదు. ఒక లీడర్ చాలాకాలం వస్తుంది. అలాగని కలకాలం ఉండదు. బాగా అలిసిపోయాక చెప్పాపెట్టకుండా తెగుతుంది. ఏటా మార్చుకోవడం మేలు.

ఫ్లోరోకార్బన్: నీళ్లలో అంతగా కనబడదు. తేటనీటి సరస్సుల్లో మస్కీ వేటగాళ్లకు ఇదంటే ఇష్టం. కానీ సన్నటిది పనికిరాదు. పైక్‌కు 80 పౌన్లకు తగ్గకూడదు. తొమ్మిది, పది అంగుళాల బరువైన ఎరతో మస్కీకైతే 100 నుంచి 130 పౌన్లు. ఎంత లావైనా పళ్లకు గీతలు పడుతుంది. ప్రతి చేప తర్వాతా గోటితో తడిమి చూడాలి. గరుకు తగిలితే మార్చేయాలి.

చిన్న ఎరకు లావుపాటి లీడర్ కడితే బరువుకు దాని మూతి కిందికి వాలి, ఆట పోతుంది. పెద్ద ఎరకు సన్నటిది కడితే విసిరే ఊపుకే తెగొచ్చు. ఎరను బట్టే లీడర్. ఏది కొనాలో తేలక తటపటాయించేవాళ్లు తీగే కొనుక్కోవడం క్షేమం.

పొడవు అడుగుకు తగ్గకూడదు. అడుగున్నర ఉంటే ఇంకా నిశ్చింత. మరీ పొడవైతే పడవ పక్కన చిక్కు. మస్కీ ఎర వెంటే పడవ దాకా వచ్చి ఆగుతుంది. అప్పుడు గాలం కొసను నీళ్లలో ముంచి 8 అంకె గీసినట్టు తిప్పుతారు. ఆ సమయంలో లీడర్ గాలం రింగుల్లోకి దూరకూడదు. రెండు కొసల్లోని స్వివెల్, స్నాప్ కూడా తీగంత గట్టివే ఉండాలి.

వదిలేయడమూ వేటే!

మినెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఉంచుకోకూడదు. నీళ్లలోకి వదలాల్సిందే. అది బతకాలంటే కొక్కెం బయటికి రావాలి. కొక్కెం రావాలంటే చేప మన చేతికి అందాలి. మధ్యలో లీడర్ తెగిందా, వదిలినట్టు కాదు, గాయం చేసి పంపినట్టు. అందుకే పొడవాటి పటకారు, కొక్కేన్ని తుంచే కట్టరు కూడా పెట్టెలో ఉండాలి.

మావాడు మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. టైటానియం లీడర్ కొన్నాడట. దాని ఖరీదు పోగొట్టుకున్న ఎరలో సగం కూడా లేదట.

‘పడిందా మరి?’ అన్నాను.

‘పడింది అన్నయ్యా. వదిలేశాను. నోట్లో ఏమీ లేకుండా వెళ్లింది.’

ఈసారి గొంతు హుషారుగానే ఉంది.