వేగము – సాహసము

సాయంకాలం కళాశాల విడిచిన వేళ బంజారాహిల్స్ ఎత్తుపల్లాల రోడ్లపై మోటారు సైకిళ్ల హోరు మనకు నిత్యం వినవచ్చేదే. హెల్మెట్‌ను చేతికి తగిలించుకొని, బస్సుకూ ఆటోకూ నడుమ దూసుకుపోయే మిత్రులను చూసి చప్పట్లు కొట్టేవారూ మనలోనే ఉన్నారు. దీనినే మనము సాహసమంటున్నాము. ఆ మాటకు అసలైన అర్థం తెలియాలంటే ఒక ఆంగ్ల క్రీడాకారుని జీవితాన్ని పరిశీలింపవలెనని మా అభిప్రాయం.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇంగ్లండులో స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందెం విశేష జనాదరణ పొందింది. అండాకారపు మట్టి బాటపై నలుగురు పోటీదారులు నాలుగు చుట్లు తిరగాలి. వారి వాహనాలకు బ్రేకులు ఉండవు. 1934లో లివర్‌పూల్‌లో జన్మించిన పీటర్ క్రేవెన్ ఈ విద్యలో ఆరితేరినవాడు. మాంచెస్టరులోని బెల్ వ్యూ జట్టుకు ఆడుతూ, 1955లో 21వ ఏటనే వెంబ్లీలో ప్రపంచ విజేత అయ్యాడు. 1962లో అక్కడే రెండవసారి ఆ గౌరవం పొందాడు. మనిషి పొట్టివాడైనా, వాహనంపై అతడు చూపిన నిలకడ ప్రేక్షకులను అబ్బురపరచింది.

1963 సెప్టెంబరు 20న ఎడింబరోలో జరిగిన పందెంలో, తన ముందు పడిపోయిన ప్రత్యర్థిని తప్పించబోయి క్రేవెన్ ప్రమాదానికి లోనయ్యాడు. నాలుగు రోజుల అనంతరం, 29 ఏళ్ల ప్రాయంలో కన్నుమూశాడు.

యౌవనంలో వేగంపై మోజు సహజమే కదా అని కొందరనవచ్చు. కాదనము. కాని క్రేవెన్ శిక్షణ పొందినవాడు. ఎదురు వాహనం రాని బాటపై నడిపినవాడు. అంతటివానికే ఆపద తప్పలేదు. మన రోడ్లపైనో, పసిపిల్లలూ వృద్ధులూ నడుస్తారు. ఇసుకా గుంటలూ ఉంటాయి. 2021 సెప్టెంబరు 10న నటుడు సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు తీగల వంతెన సమీపంలో మోటారు సైకిల్ జారి పడినప్పుడు, హెల్మెట్ ఆయన ప్రాణరక్షణకు తోడ్పడిందని పోలీసులు ప్రకటించిన సంగతి పలువురికి తెలిసినదే.

పడిన ప్రత్యర్థిని కాపాడబోయి క్రేవెన్ తన ప్రాణాన్నే అర్పించాడు. మనము రెండు నిమిషాలు ముందు చేరడానికి, ముక్కూ మొగమూ తెలియని బాటసారి ప్రాణాన్ని పణంగా ఒడ్డుతున్నాము. వీటిలో ఏది సాహసం?

హెల్మెట్ లేనివారి వాహనాన్ని ఆవరణలోనికి రానీయవద్దని కళాశాల సంఘానికి మా మనవి. విద్యార్థి సోదర సోదరీమణులకు మరొక మనవి: ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు, మన చప్పట్లు మానుదాము.